వాఫిలు రొట్టెయు, గట్టుమీది తాటిపండును



ఈ మాసము నేను మీతో ముచ్చటింప నెంచిన విషయము వరి చీడలను గూర్చినది గాదు. మినుము విత్తనములను గూర్చినదియు గాదు. పిల్లలు ప్రొద్దున తిను రొట్టెను గూర్చినది. వ్యవసాయ ప్రదర్శకునకు వంటయింటితో నేమి పని యని కొందరు నవ్వవచ్చును. తినుటకే గదా పండించుట! పొలమునుండి గాదె వరకు వచ్చి, వంటయింటి గడపవద్ద ఆగిపోవు వ్యవసాయశాస్త్రము సగము శాస్త్రమే యని నా నమ్మకము.

గత భాద్రపదమున గుడివాడ ప్రాంతమందలి యొక గ్రామములో సంఘ సభ్యుల సమావేశము ముగిసిన పిదప, ఒక పెద్దరైతు నన్ను తన యరుగుమీద కూర్చుండబెట్టి యిట్లనెను: “అయ్యా, మా మనుమడు చద్ది ముట్టడు. ఇడ్డెన మనిన మొగము త్రిప్పును. పట్టణములో ఏదో గళ్ళరొట్టె తిని వచ్చినాడు, వాఫిలట. అరటిపండు వాసనది యొకటి, మామిడిపండు వాసనది యొకటి. ఆదివారము వచ్చిన చాలు, దానికొరకు విజయవాడ పోవలెనని యేడ్చును. మీ శాఖలో దీనికి మందేమైన నున్నదా?” అందరు నవ్విరి, నేనును నవ్వితిని. కాని తిరిగి వచ్చునపుడు దారి పొడుగునను ఆ మాటయే మనసులో మెదలుచుండెను. ఏలయనగా, ఆ దారి కిరువైపుల గట్లమీద తాటిపండ్లు రాలి, పగిలి, ఈగలు ముసిరి యుండెను. ఒకచోట గేదె యొకటి పండును నమలుచు నిలిచియుండెను. పండు వాసన యనిన నదియే గదా. ఫర్లాంగు దూరమునకు తెలియును. పండు వాసనగల రొట్టెకై బాలుడు పట్టణము పోవలెనని యేడ్చుచుండగా, పండు గేదె పాలగుచున్నది.

వాఫిలును చూడని సభ్యులకొరకు రెండు మాటలు. కీలుతో కలిపిన రెండు లోహపు పలకలు. వాని లోపలివైపున గళ్ళు. ఆ పలకలను కాచి, నడుమ పిండి పోసి మూసినచో, రొట్టె రెండువైపులను ఒకేసారి కాలును. గళ్ళవలన వేడి తగులు చోటు హెచ్చును గనుక పైభాగము కరకరలాడును, లోపల మెత్తగా నుండును. పైని పోసిన తేనెయో వెన్నయో ఆ గుంటలలో నిలుచును. అంతకు మించిన మాయ యేమియు లేదు. ఐరోపాలో మధ్యయుగముల నాటినుండి పొడుగు పిడుల ఇనుప పెనములతో నిప్పుమీద పట్టి దీనిని కాల్చుచుండిరి. అమెరికాలో కార్నీలియస్ స్వార్ట్‌వౌట్ అను నాతడు పొయ్యిమీద త్రిప్పి కాల్చు పెనమునకు 1869వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన పేటెంటు పొందెను. పిదప విద్యుత్తు పెనములు వచ్చినవి. నేడు మన బజారులలో సయితము వెయ్యి, రెండువేల రూపాయల మధ్య దొరకుచున్నవి.

ఈ పేరు హాలండువారి భాషలోనిది. తేనెపట్టును, నేతను స్ఫురింపజేయు పాతమాటనుండి పుట్టినది. హాలండువారు మనకు క్రొత్తవారు గారు. 1605వ సంవత్సరముననే వారి వర్తకులు బందరులో దిగిరి. బందరులో వలందపాలెము అను పేట పేరు నేటికిని వారినే తలపించుచున్నది. పరాసుపేట ఫ్రెంచివారిని, ఇంగ్లీషుపాలెము ఇంగ్లీషువారిని తలపించునట్లు. వారి సమాధులును అచ్చట నిలిచి యున్నవి. వారు మన అద్దకపు బట్టలకొరకు వచ్చిరి గాని రొట్టెలమ్ముటకు రాలేదు. అయినను, ఆ గళ్ళరొట్టె పుట్టిన నాటివారితో నాలుగువందల యేండ్లనాడే మన రేవునకు పరిచయమున్నదని చెప్పినచో, ఆ పెద్దరైతు మనుమడు పట్టణములో క్రొత్తగా కనుగొన్నది యంత క్రొత్తది గాదని తెలియగలదు.

విదేశపు తిండి మనకేల యనువారికి నా సమాధానము చిన్నది. మిరపకాయ ఎక్కడిది? జామ ఎక్కడిది? బొప్పాయి, జీడిమామిడి ఎక్కడివి? అన్నియు అమెరికా ఖండమునుండి సముద్రము దాటి వచ్చినవే. మిరపకాయ లేని ఆవకాయను నేడెవ్వరు ఊహింపగలరు? ఇక రూపము మాట చూతమా, మన దిబ్బరొట్టె వాఫిలునకు దాయాది. మినపపిండి, బియ్యపురవ్వ కలిపి, అడుగు దళసరియైన గిన్నెలో పోసి, మూతమీద నిప్పులు వేసి, పైని క్రింద ఒకేసారి కాల్చుట మన తల్లులకు తెలిసిన విద్యయే. గళ్ళు లేవు, అంతియే భేదము. కనుక పెనమును గూర్చి నాకు జగడము లేదు. నా జగడము అందులో పోయు పిండిని గూర్చియు, ఆ పండు వాసనను గూర్చియు.

పొట్లములలో వచ్చు వాఫిలు పిండి యొకటి తెప్పించి చూచితిని. ప్రధానముగా మైదా, పంచదార. పొట్లముమీద అరటిపండు బొమ్మ నిగనిగలాడుచున్నది. లోపల అరటిపండు లేదు, కృత్రిమ పరిమళము మాత్రమే యున్నది. సామాన్యముగా అరటి వాసనకు ఐసోఅమైల్ ఎసిటేటు అను ద్రవమును వాడుదురు. ఆ పదార్థము నిజమైన అరటిపండులోను ఉన్నదే. అనుమతించిన కొలతలో అది విషము గాదు. కాని రైతు దృష్టితో ఆలోచింపుడు. పిల్లవాడు పండు వాసన పీల్చుచున్నాడు, పండు తినుట లేదు. ఆ వాసనకు మనము పైకమిచ్చుచున్నాము. దివిసీమ లంకలలో అరటిగెలలకు ధర పడిపోయినపుడు కోతకూలియు గిట్టుబాటు కాదని తోటలోనే విడిచిన రైతును నేనెరుగుదును. ఆయన పిల్లలే ఈ పొట్లము కొన్నచో, అరటిపండును పారవేసి అరటి వాసనను కొన్నట్లయినది. ఇంతకంటె వింత బేరము నేనెరుగను.

ఇక తాటిపండు. వేసవిలో ముంజలుగా తినగా మిగిలినవి చెట్టుననే ముదిరి, శ్రావణ భాద్రపదములలో పండి రాలును. ఒక్కొక్క పండులో సాధారణముగా ఒకటి మొదలు మూడు వరకు టెంకలుండును. వానిని చుట్టుకొని పీచుతో కలిసియున్న పసుపుపచ్చని గుజ్జును మన ప్రాంతమున పేసమందురు. ఆ రంగు కేవలము అందమునకు గాదు. క్యారెటునకు, మామిడిపండునకు రంగునిచ్చు కెరోటిను జాతి పదార్థములే దీనికిని రంగునిచ్చుచున్నవి. వానిలో కొన్ని దేహమున ఎ-విటమినుగా మారును. కంటిచూపునకు, చర్మమునకు, రోగములను తట్టుకొను శక్తికి అది వలయును. అవి క్రొవ్వులో కరగునవి గనుక, పేసపు రొట్టెలో చెంచెడు నెయ్యియో కొబ్బరియో పడినగాని పూర్తి ఫలము దక్కదు. మన ముసలమ్మలు తాటిరొట్టెలో కొబ్బరికోరు వేయుట రుచికొరకే కావచ్చును; శాస్త్రమును వారి పక్షముననే యున్నది.

మన ప్రాంతమునకు ప్రొద్దుటి తిండి విషయమున ఒక చేదు చరిత్ర కలదు. 1918లో కూనూరులో మెక్కారిసన్ దొర బెరిబెరి వ్యాధిపై ఆరంభించిన పరిశోధనయే క్రమముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా నున్నది. ఆ కాలమున ఉత్తర సర్కారుల కోస్తా జిల్లాలు ఈ వ్యాధికి పేరుపడినవి. కారణము దారిద్ర్యము మాత్రమే గాదు, మరబియ్యము. పచ్చిబియ్యమును తెల్లగా పాలిషు పట్టించి, తవుడును పశువులకు పెట్టి, తవుటిలోని బి-విటమినును పోగొట్టుకొంటిమి. దేశమునకు అన్నము పెట్టిన డెల్టాలో కాళ్ళు తిమ్మిరెక్కి పడిపోయిన మనుష్యులుండిరి! నాటి బెరిబెరి నేడు అరుదు. కాని తెల్లనిదే శ్రేష్ఠమను బుద్ధి పోలేదు. మరబియ్యమునుండి మైదాకు మారినది. కావుననే పిల్లలు వాఫిలు కావలెననినపుడు ‘వద్దు’ అనుటకంటె, దంపుడుబియ్యముతోను, మన పొలమున వరి కోతకు ముందు చల్లిన మినుములతోను, గట్టుమీది పండుతోను దానిని చేసిపెట్టుట మేలని నేననుచున్నాను. చద్దన్నమును నేను తక్కువచేయుట లేదు. పెరుగు కలిపిన చద్ది నేటికిని నాకు ప్రీతియే. కాని తినని పిల్లవానికి దాని గుణములు వర్ణించిన కడుపు నిండదు.

చేయునది చెప్పక బోధించువాడు ప్రదర్శకుడు గాడు. కనుక మా యింట జరిగినది జరిగినట్లు వ్రాయుచున్నాను. తొలిసారి పెనము తెచ్చిన నాడు నేనే గరిటె పట్టితిని. మా తల్లిగారు రెండు పండ్ల పేసము తీసియిచ్చిరి. తియ్యగా నుండవలెనని బెల్లము దండిగా వేసితిని; తొందరలో పెనము సరిగా కాగకమునుపే పిండి పోసితిని. మూత తెరచునప్పటికి రొట్టె రెండు చీలికలై, సగము పైపలకకును సగము క్రిందిపలకకును అంటుకొనెను. గళ్ళలోనుండి దానిని గీకుటకు అరగంట పట్టెను. పిల్లలు ఆనాడు బిస్కట్లు తిని బడికి పోయిరి. పైగా ఒక పండు చేదుపండు. మా యింటివారు ఏమియు ననలేదు గాని, ఆ మౌనమును నేనెరుగుదును.

తప్పెక్కడనో ఆలోచింపగా, నా బాల్యమునాటి యొక సంగతి జ్ఞప్తికి వచ్చినది. నేను చదివిన మిషను పాఠశాల వసతిగృహమున క్రిస్మసు దినములలో వంటామె గులాబిపువ్వులు వేసెడిది. పువ్వు ఆకారముగల ఇనుప అచ్చును మరగు నూనెలో నుంచి, పిండిలో ముంచి, మరల నూనెలో నుంచెడిది. మేము తొందరపెట్టిన యెడల, “అచ్చు కాగనీయండిరా! చల్లని యచ్చుకు పిండి లొంగదు” అని కసరెడిది. అచ్చట అచ్చు కాగినగాని పిండి దానికి పట్టదు. ఇచ్చట పెనము కాగినగాని పిండి దానిని విడువదు. రెండింటికిని సూత్రమొక్కటే. ముప్పది యేండ్లకు పైబడిన తరువాత ఆ వంటామె మాట నాకు బోధపడినది.

ఇప్పుడు మా యింట కుదిరిన కొలత యిది. ఏ గ్లాసుతో కొలిచినను సరే, అన్నిటికిని అదే గ్లాసు వాడవలయును. దంపుడుబియ్యము రెండు గ్లాసులు, మినపపప్పు అర గ్లాసు పగలు విడివిడిగా నానబెట్టి, రాత్రి పడుకొనబోవునపుడు గట్టిగా రుబ్బి యుంచవలయును. తెల్లవారి అందులో చిక్కని తాటిపేసము ఒక గ్లాసు, తరిగిన బెల్లము అర గ్లాసునకు మించకుండ, చిటికెడు ఉప్పు, మూడు చెంచాల కరగిన నెయ్యియో నూనెయో, కొంచెము కొబ్బరికోరు, రెండు ఏలకులు కలుపవలయును. గ్రుడ్లు తినువారు రెండు గ్రుడ్లు గిలకొట్టి పోయవచ్చును; తిననివారు రెండు గరిటెల పుల్లపెరుగు పోసికొనవచ్చును. పొయ్యి ముట్టించిన పిదపనే పావుచెంచా వంటసోడా కలుపవలయును. ముందుగా కలిపిన దాని పొంగు చచ్చును. పిండి గరిటెనుండి జారవలయును గాని కారరాదు. పెనమునకు నూనె రాచి, నీటిచుక్క పడినచో చిటపటలాడి యెగిరిపోవునంత కాగిన పిమ్మట పోసి మూయవలయును. ప్రక్కలనుండి ఆవిరి వచ్చునంతకాలము మూత తెరువరాదు. ఆవిరి నిలిచినపుడు రొట్టె కాలినదని యర్థము. నా తొలి దోషమును మీరు చేయకుందురు గాక.

చేదును గూర్చి యొక మాట. తాటిపేసములో ఫ్లాబెలిఫెరినులను చేదు పదార్థములున్నవి. చెట్టు చెట్టునకు దీని పాలు మారును. కనుక నాలుకమీద వేసికొని చూడక యే పండునైనను పిండిలో కలుపరాదు. చేదు స్వల్పమైనచో పేసమును పలుచని బట్టలో మూటగట్టి వ్రేలాడదీసిన ఆ నీటితో కొంత పోవును. బెంగాలీలు తాటిగారెలకు ఇట్లే చేయుదురు. ఈ పదార్థములే ఈస్టు పెరుగుటను అడ్డగించునని సింహళ దేశమున జరిగిన పరిశోధనలు తెలిపినవి. కనుక ఈస్టు వేసి పొంగించు బెల్జియము పద్ధతి వాఫిలు తాటిపండుతో సరిగా కుదురదు. పట్టణపు వంటపుస్తకము చూచి ఈస్టు వేసి, పిండి పొంగలేదని విసుగుకొన్న యిల్లాలి తప్పు అందేమియు లేదు.

తాటిపండు లేని మాసములలో బాగుగ మాగిన అరటిపండు చాలును. దానికి బెల్లము సగమే వేయవలయును. వేసవిలో రసపుమామిడి, సపోటా. అమితముగా నీరుకారు పండ్లు పనికిరావు. నూనెలో వేచిన తాటిగారె వీనన్నిటికంటె రుచి యని మా తల్లిగారి తీర్పు, నేను కాదనను. కాని గారె త్రాగు నూనెతో పది గళ్ళరొట్టెలు కాల్చవచ్చును. మన దేశము వాడు వంటనూనెలో సగమునకు పైగా విదేశములనుండి కొనుచున్నదే గదా.

ఇంతవరకు చెప్పినది సులభము. అసలు చిక్కు పెనమున లేదు, పిండిలో లేదు. పేసము తీయుటలో నున్నది. ముచ్చిక తీసి, నల్లని తోలు ఒలిచి, టెంకలు విడదీసి, ఒక్కొక్క టెంకను కొంచెము నీళ్ళు చిలుకరించి పిసికి, తురుముపీటమీదనో వెదురుబుట్ట వీపుమీదనో రుద్ది, పీచు రాకుండ వడియగట్టవలయును. గడియారము పెట్టి చూచితిని: చేయి తిరిగిన మా తల్లిగారికే పండునకు పావుగంటకు తక్కువ పట్టలేదు. నాకు అరగంట పట్టెను. గోళ్ళసందులలో పసుపు రంగు రెండు దినములు పోలేదు. వేకువనే లేచి, పాలు పితికి, పొయ్యి ముట్టించి, పిల్లలను బడికి పంపి, నాట్లకో కలుపునకో పోవలసిన స్త్రీని, “అమ్మా, తాటిపండులో విటమినులున్నవి, తీసి పెట్టుము” అని యుపన్యసించుట సులభము. ఆమె పది రూపాయలిచ్చి పొట్లము కొనుటలో నాకు దోషము కనబడదు. గట్టుమీద పండు కుళ్ళుటకు కారణము మన సోమరితనము గాదు, ఆ పావుగంట. ఈ సంగతి మన ప్రచారకులు మరచుచుందురు. నేనును చాలకాలము మరచితిని.

కావున సంఘమువారికి నా సూచన యిది. ఆర్థిక లావాదేవీల నడుమ దీనికి కొంచెము చోటు చేయవలయును. తాటిపండునుండి గుజ్జు తీయు యంత్రములున్నవి. డాక్టరు వై.యస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయమువారి పందిరిమామిడి పరిశోధనా స్థానమున తాటి ఉత్పత్తులపై చాలకాలముగా కృషి జరుగుచున్నది. సంఘమునుండి ఇద్దరు ముగ్గురు సభ్యులు, వారిలో ఒకరైనను స్త్రీ, అచ్చటికి పోయి, యంత్రమును కంటితో చూచి, చేతితో త్రిప్పి, ధర విచారించి రావలెను. చూడకుండ కొనరాదు. ఒక గ్రామమున సంఘపు డబ్బుతో కొనిన ఆరబెట్టు యంత్ర మొకటి, నడుపువారు లేక, గోదాములో గోనెసంచులక్రింద నాలుగేండ్లుగా నిద్రించుచున్నది; దాని గతి దీనికి పట్టరాదు. యంత్రము మన సంఘపు గోదామునొద్ద శ్రావణ భాద్రపదములలో రెండు నెలలు నడచిన చాలును. తెచ్చిన పండ్లకు అక్కడికక్కడే పేసము తీసి, తూచి యిచ్చి, స్వల్ప రుసుము పుచ్చుకొనవచ్చును. మిగిలినదానిని బాగుగ కాచి, శుభ్రమైన సీసాలలో వేడిగానుండగనే నింపి మూసినచో కొంతకాలము నిలుచును. చిన్న చిన్న పొట్లములుగా కట్టి గడ్డకట్టించు పెట్టెలో నుంచుట ఇంకను మేలు. అపుడు బడిపిల్లల తల్లికి ఆ పావుగంట మిగులును.

ఇచ్చట నొక ప్రశ్న పుట్టును. దానినే నేను ముఖ్యముగా మీ ముందుంచ దలచితిని. పండు ఎవరిది? గట్టు రైతుది, చెట్టు రైతుది. కాని నేను తిరిగిన గ్రామములలో రాలిన పండు ఏరుకొన్నవారిదే. తెల్లవారకమునుపే బుట్టలు పట్టుకొని వచ్చు వృద్ధస్త్రీలను, పిల్లలను మీరును చూచుచున్నారు. వారు పండు తిని, టెంకలను ఇసుకనేలలో పాతరపెట్టి, శీతకాలమున తేగలు త్రవ్వి, ఉడికించియో కాల్చియో కట్టలుగా అమ్ముకొందురు. కొందరికి ఆ రెండు నెలల పైకము అదియే. రేపు సంఘము పండునకు వెల కట్టిన మరుక్షణమున గట్టు యజమానికి పండు జ్ఞాపకము వచ్చును. ఏరుకొనువారిని చెట్టుక్రిందనుండి తరుముట యారంభమగును. విలువలేని నాడు అందరిదైన వస్తువు విలువ వచ్చిన నాడు ఒకరిదగుట లోకమున క్రొత్త గాదు. కనుక యంత్రముతోపాటే నియమము వ్రాసికొనవలయును: రాలిన పండును ఏరి తెచ్చినవారివద్దనే, వారు సభ్యులైనను కాకున్నను, సంఘము కొనవలెను, టెంకలను తెచ్చినవారికే తిరిగి యియ్యవలెను. ఈ నియమము లేనిచో యంత్రమే వద్దని నా యభిప్రాయము. మా పిల్లలకు వాఫిలు పెట్టుటకై ఒక ముసలమ్మ తేగలపాతరను నేను తీసికొనజాలను.

గీతవృత్తివారికిని దీనితో సంబంధము కలదు. పెంటితాడునకే కాయ; పోతుతాడునకు కాయ లేదు. పెంటితాటి గెలలను కల్లుకు గీసిన ఆ గెలలకు పండు రాదు. ఏ చెట్లు గీతకు, ఏ చెట్లు కాయకు విడువవలెనో వారిని కూర్చుండబెట్టుకొని మాటలాడవలయును గాని, గట్టు మనదను ధీమాతో మనమే నిర్ణయింపరాదు.

చెట్టు నిలిచియుండినగదా ఈ చర్చ యంతయు! బందరు, నాగాయలంక, కోడూరు వైపు చేపల చెరువులు, రొయ్యల చెరువులు త్రవ్వినపుడు గట్లమీది తాళ్ళు వరుసలు వరుసలుగా నేలకొరుగుటను కంటితో చూచితిని. టెంక నాటిన తరువాత కాపునకు రావలెనన్న పండ్రెండు పదునైదేండ్లు, ఒక్కొక్కచోట అంతకు మించియు పట్టును. పోతో పెంటియో అది పూచువరకు తెలియదు. అట్టి చెట్టును కోయుటకు అరగంట. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీ ఉప్పెనలో వేలకొలది ప్రాణములు పోయిన దివిసీమలో, తాటిచెట్టును కౌగిలించుకొని బ్రదికితిమని చెప్పువారి మాటలు విని పెరిగిన తరము మాది. అట్టి చెట్టును కొట్టవద్దని కేవలము కృతజ్ఞత పేరిట అడిగిన రైతు వినడు. ఆయనకు అప్పులున్నవి, చెరువు కౌలు చేతికి వచ్చుచున్నది. చెట్టునుండి ఏటేట ఇంటికి ఏదో యొకటి వచ్చుచున్నప్పుడే ఆయన చేయి గొడ్డలిమీదికి పోవుటకు తడబడును. పేసమునకు కొనుగోలు వచ్చినచో గట్టు యజమాని కేమి లాభమని అడుగుదురేమో. ఏరినవారికి సగము, చెట్టునకు సగమని కొన్ని గ్రామములు కుదుర్చుకొనవచ్చును. అది మహాసభ నిర్ణయింపవలసిన సంగతి. ఏరినవారి పాలు మాత్రము సగమునకు తగ్గరాదు.

“సంఘమున్నది ఎరువులకు గాని రొట్టెలకు గాదు” అని మొన్న నొక సభ్యులు నాతో ననిరి. వారు పెద్దవారు, సంఘమును కష్టకాలమున కాపాడినవారు. వారి మాటను తేలికగా త్రోసివేయను. పెట్టుబడి లేని సమయమున యంత్రము కొనుటకు తొందరపడవలదనుటలో వారితో నేకీభవించుచున్నాను. కాని 1904వ సంవత్సరపు చట్టముతో మన దేశమున సహకార సంఘములు పుట్టినపుడు వాని పని అప్పులిచ్చుట మాత్రమే. నేడు మనము విత్తనములు, ఎరువులు, ధాన్యపు కొనుగోలు అన్నియు సంఘములోనే చూచుచున్నాము. అన్నియు ఒకప్పుడు ‘సంఘపు పని గాదు’ అనిపించుకొన్నవే.

శ్రావణము రాకమునుపే జరుగు సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టవలసినదిగా కార్యదర్శిగారిని కోరియున్నాను. ఆనాడు స్త్రీ సభ్యులు తప్పక రావలెను. పేసము తీసిన చేతులు వారివే గనుక మొదట వారి మాట వినవలెను. సమావేశమునాటికి తాటిపండ్లు దొరకవు. అరటిపండు పిండి నేను కలిపి తెచ్చెదను. మా యింటి పెనమును ఆ దినమునకును, తరువాత శ్రావణ భాద్రపదములకును సంఘమునకు ఎరువిచ్చెదను. ఈ ఎరువునకు సబ్సిడీ యక్కరలేదు. దాని కుడివైపు పిడి కొంచెము వదులుగా నున్నది, గుడ్డతో పట్టుకొనవలెను.